యానాం వాన

పాండిచ్చేరిలో సారం అనే పేటలో వీధి కుళాయికి పొద్దున ఆరింటికి నీళ్ళొస్తాయి. వరసలో నాగకుమారి నిలబడితే ముందూ వెనకా ఒక బిందె దూరం వదలాలని అందరికీ తెలుసు. జూన్ ఎండలకి పొద్దున్నే రోడ్డు సెగలు కక్కుతుంటే, ఆవిడొక్కతే జుట్టులోంచి నీళ్ళు కారుతూ, చీర ఒంటికి అంటుకుపోయి నిలబడేది.

"ఏందమ్మే, యానాంలో మళా?" అనేది పక్కింటి ఆండాళమ్మ. మూడు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగు మనిషి. మిల్లులో పని. వానని మళ అనే అంటుంది.

"నిన్నట్నుంచీ తెరిపివ్వలేదు పిన్నిగారూ."

"అయితే అవతల నిలబడి పిండుకో తల్లీ. నా బిందెలో పడతా ఉండాది."

అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ మొగుడి ఆఫీసులో పనిచేసే యానాం వాళ్ళు ఆవిడ చీరకేసి చూసి, ఊళ్ళో ఊడ్పులు మొదలై ఉంటాయని చెప్పుకునేవారు. మళ్ళీ దీపావళి రోజుల్లో, ఇక్కడివాళ్ళ ఐప్పసి నెలలో, పాండిచ్చేరి మీద ఆకాశం చిల్లుపడి వీధులు మోకాలి లోతు మునిగినప్పుడు ఆవిడ మీద చుక్క పడేది కాదు. జడలో కనకాంబరాలు తడవకుండా బజారుకెళ్ళొచ్చేది.

ఇదంతా డెబ్భైతొమ్మిది ఆషాఢంలో యానాంలో మొదలైంది. నాలుగేళ్ళ కూతురు వరాలు మూడురోజుల జ్వరంతో పోయింది. పసిపిల్ల కాబట్టి గోదారి గట్టు వార పూడ్చారు. అక్కడికి ఆడవాళ్ళు రాకూడదట. కనడానికి పనికొచ్చినవాళ్ళు సాగనంపడానికి పనికిరారు. శాస్త్రం రాసుకున్నది మగాళ్ళు కదా.

ఆ పూట జోరువాన. "పిల్ల తడిసిపోతుందండీ, గొడుగైనా పట్టండి" అని గుమ్మంలోంచి అరిచింది నాగకుమారి.

"నోర్ముయ్, నలుగురూ నవ్వుతారు" అన్నాడు మొగుడు దొరబాబు. అన్నవాడు తన నెత్తిన మాత్రం నల్ల గొడుగు వేసుకునే వెళ్ళాడు.

అక్కడ మట్టి కప్పిన వేళకి, ఇక్కడ ఇంటికప్పు కింద కూర్చున్న నాగకుమారి తడవడం మొదలుపెట్టింది. ఆ మట్టి మీద పడిన ప్రతి వానా ఆవిడ మీదా పడింది. ఆ ఏడే దొరబాబుకి పాండిచ్చేరి బదిలీ అయింది. వానా వెంట వచ్చింది.

ఆవిడకి ఒక్కటే కోరిక. వెనక్కి యానాం వెళ్ళి, ఆ మట్టి దగ్గర నిలబడి ఒక్కసారి గొడుగు పట్టాలి. నెహ్రూ వీధిలో పసుప్పూల చిన్న గొడుగు కొని పెట్టె అడుగున దాచింది. మొగుడి చేత ఏడాదికో బదిలీ అర్జీ పెట్టించింది.

ఎనభైయారు శ్రావణంలో ఆర్డరొచ్చింది. ఆ వారమే నీళ్ళూ వచ్చాయి. ఈసారి పైనుంచి కాదు, కిందనుంచి. దోసె పోస్తుంటే పాదాలు తడిశాయి. తర్వాత మోకాళ్ళు, నడుము, మెడ. అన్నీ ఎర్రనీళ్ళే. నేల మీద చుక్క లేదు, చీరనిండా గోదారి బురద. దొరబాబు స్టవ్ ఆర్పాడు. అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

మధ్యాహ్నానికి ఆవిడ ఒళ్ళు, చీర, జుట్టు అన్నీ ఎండిపోయాయి.

పది రోజులకి మరిది ఉత్తరం. వరదకి గట్టు తెగింది. వరాలున్న చోటే లేదు. దారులు పాడయ్యాయి కాబట్టి ఉద్యోగంలో చేరే గడువు ఐప్పసి దాకా పెంచారు.

యానాంలో ముసురు పట్టిందని ఇంకో ఉత్తరం వచ్చింది. నాగకుమారి చీర కొంగు తడుముకుంది. పొడి. చెంబుతో నీళ్ళు నెత్తిన పోసుకు కూర్చుంది.

"అదెక్కడుందండీ?" అని అడిగేది. దొరబాబు ఆర్డరు కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఐప్పసిలో సామాను లారీకెక్కించిన రోజు, చిన్న గొడుగు చేత్తో పట్టుకుని ఆవిడ వాకిట్లో నిలబడింది. సముద్రం వైపునుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మొదటి చుక్క ఆవిడ నుదుటి మీదే పడింది.

"అమ్మే! తడస్తా ఉండావే, మా మళలో!" అని అరిచింది ఆండాళమ్మ.

నాగకుమారి అరచెయ్యి చాపి చూసుకుంది. "ఈ వాన ఎక్కణ్ణుంచొస్తుంది పిన్నిగారూ?"

"యాడనించేంది? సముద్రంలోనించే."

"మా గోదారి కలిసేదీ ఈ సముద్రంలోనే."

ఏడేళ్ళ తడిలో ఆవిడ ఏడుస్తోందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆవేళ వీధంతటికీ తెలిసింది.

"మీరెళ్ళి చేరండి" అంది మొగుడితో. "పిల్ల ఇక్కడికొచ్చింది. నేనెక్కడికొస్తాను?"

దొరబాబు తన నల్ల గొడుగు మూసి కింద పడేశాడు. ఆవిడ చేతిలోంచి చిన్న గొడుగు తీసుకుని తెరిచాడు. బురదలో గొంతుక్కూర్చుని, ఆవిడ పక్కన ఖాళీగా ఉన్నచోట పట్టాడు. నాలుగేళ్ళ పిల్ల తల ఎంత ఎత్తుంటుందో ఆయనకి గుర్తుంది.

లారీ డ్రైవరు వీరాసామి హారన్ కొట్టాడు.

"దించేయప్పా సామాను" అంది ఆండాళమ్మ. "వీళ్ళు పోవడంలే. పిల్ల వచ్చేసింది."

వీరాసామి ఇంకేం అడగలేదు. తాళ్ళు విప్పి, పెట్టె భుజానికెత్తుకుని, గొడుక్కి తగలకుండా పక్కకి తిరిగి లోపలికి వెళ్ళాడు.