గంధపు చుక్కకు చోటు లేని తూటా

పుష్పవల్లి చేసిన తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. ఏ కంపెనీ పేరూ దాని మీద ఉండదు. సుంగై పెటాని ఊరి ఫ్యాక్టరీలో అచ్చులకు నమూనాలు గీసే ఆమె, దూరపు గురి కోసం దాన్ని తన తలలోంచి పుట్టించింది. పెద్ద ఇత్తడి తొడుగుకు మెడ సన్నం చేసి, అందులో పొడుగాటి గుండు కూర్చోబెట్టింది. చలిదేశాల వాళ్ల లెక్కలు పక్కన పెట్టి, ఇక్కడి ఉక్కపోతకు తగ్గట్టు తుపాకీమందు కుదిర్చింది. షూటింగ్ క్లబ్బులో ఆయుధాలు చూసుకునే గణేశన్ అనుమతులన్నీ తెప్పించాక, తుపాకీలో తూటా కూర్చునే గదిని కూడా సరిగ్గా దాని కొలతకే కోయించింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. కానీ ఈ తూటాపిల్ల నిజంగానే అందగత్తె.

క్లబ్బు పెద్ద శ్రీకుమార్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. కొనుక్కునే తూటాలుండగా ఈ తంటా ఎందుకని అతని వాదన. చివరికి ఒక్క అవకాశం ఇచ్చాడు. ఆయుధపూజ నాటి ఉదయం కిలోమీటరు అవతలి ఇనుప పలకను కొట్టి చూపిస్తే, జట్టు ఆ తూటాతోనే పోటీకి వెళ్తుంది. లేదంటే దాని ఊసు ఇంకెవరూ ఎత్తకూడదు.

పూజ రోజు కాబట్టి తల్లి మరిడమ్మ కూడా వెంట వచ్చింది. బటాంగ్ బెర్జుంటై తోటలో రబ్బరు చెట్లు గీసిన రోజుల్లో, ఏటా గీత కత్తికి గంధం పెట్టిన చెయ్యి అది. కూతురి పనికి పెట్టకుండా ఊరుకుంటుందా? తూటాల పెట్టె మీద ఒక్క చుక్క చాలని పుష్పవల్లి ముందే చెప్పింది. చెప్పి ఏం లాభం! గణేశన్ మూత తీసి పట్టుకోగానే, మరిడమ్మ దండం పెట్టుకుని ఒక్కో తూటాకూ తీరిగ్గా చుక్క పెట్టింది. పండగపూట పుష్పవల్లి తల్లిని ఏమంటుంది? ఆమె అటు తిరగ్గానే గుడ్డ తీసుకుని అన్నీ తుడిచేసింది. తుడిచేశాననుకుంది.

చాప మీద బోర్లా పడుకుని తూటా పెట్టి, దాన్ని గదిలోకి నెట్టే బోల్ట్ తోసింది. అది సగంలోనే ఆగిపోయింది. ఇంకో తూటా పెట్టింది. అదీ అంతే.

గది కోత తప్పిందని శ్రీకుమార్ ఆ ఊరి యాసలో తేల్చేశాడు. "ఇంక వదిలెయ్ లాహ్, అక్కా. కొన్నవాటితోనే ఎల్దాం."

పుష్పవల్లికి ఒళ్లు మండింది. తన కోత తప్పడమా? తూటాను ఎండలోకి ఎత్తి నెమ్మదిగా తిప్పి చూసింది. మెడ దగ్గర ఒంపులో సన్నటి పసుపు పొర కనబడింది. తుడిచిన గుడ్డే గంధాన్ని అక్కడిదాకా పులిమింది, ఎండకు అది గట్టిపడింది. మామూలు తుపాకీలో వదులుంటుంది, అంత పల్చటి పూతను లెక్కచెయ్యదు. ఇది లెక్కచేసింది. పుష్పవల్లికి కోపం పోయి నవ్వొచ్చింది, ఆ నవ్వులో గర్వం దాచుకోలేదు.

మరిడమ్మకు సంగతి అర్థమై మొహం చిన్నబోయింది. "నానే సెడగొట్టినానేటి, పుష్పా?"

కూతురు స్పిరిట్‌తో తూటాలు తుడిచింది, తుపాకీ గదీ శుభ్రం చేసి, మళ్లీ పడుకుంది. ఈసారి బోల్ట్ చప్పుడు లేకుండా మూసుకుంది. పేల్చింది. కాసేపటికి అవతలి నుంచి పలక ఠంగుమన్నది. రెండోసారీ, మూడోసారీ మోగింది. శ్రీకుమార్ దుర్బీను దించకుండా చాలాసేపు చూశాడు. మూడు దెబ్బలూ అన్నం పళ్లెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. జట్టు ఈ తూటాతోనే వెళ్తుందని గణేశన్‌తో అన్నాడు. తర్వాత పుష్పవల్లి వైపు తిరిగి, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు.

పుష్పవల్లి ఆ మాట నిలబడి వినలేదు. ఇంకా వేడి తగ్గని ఖాళీ తొడుగు ఒకటి తీసుకుని, చివరి బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లింది.

"నువ్వు సెడగొట్టలేదమ్మా. గంధపు సుక్కకి కూడా సోటు లేకుండా సేసినాను నాను. అది నువ్వెట్టబట్టే తెలిసినాది." తొడుగు తల్లి అరచేతిలో పెట్టింది. "ఇప్పుడు దీనికెట్టు."

మరిడమ్మ పెట్టిన చుక్క కాస్త పక్కకు జారింది. ఈసారి దాన్ని ఎవరూ తుడవలేదు.