గుసగుసల గోడ

ఎక్కడో ఒక చుక్క పడుతోంది.

టప్...

రాత్రి కురిసిన వాన. రాతి చూరు నుంచి రాతి నేల మీదికి. ఇంత పెద్ద నగరంలో, ఇన్ని వందల ఏళ్ళ గోడల మధ్య, ఇప్పుడున్న చప్పుడు అదొక్కటే.

టప్...

నాన్న వినలేదు.

లేక, విని ఊరుకున్నాడా?

ఇంట్లో కుళాయి కారితే నిద్రపోని మనిషి. ఏ వేళయినా లేచి, వాషర్ మార్చి గానీ పడుకోడు. ఇప్పుడు ఆ చుక్క పక్కనుంచే నడిచి వెళ్ళాడు. చేతులు వెనక్కి కట్టుకుని. గోడలు చూస్తూ.

నేను వెనకాలే.

నిన్న మధ్యాహ్నం ఈ వీధిలో మనిషి మీద మనిషి. దేశదేశాల జనం, గొడుగులు, కెమెరాలు. ఇప్పుడు, తెల్లవారుజామున, ఒట్టి రాయి. తడి రాయి. మూసిన తలుపులు. మా చెప్పుల చప్పుడు మాకంటే ముందే మలుపు తిరుగుతోంది.

కోటలో గుండ్రటి మందిరం ఒకటుంది. ఇటు పక్క గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే, అటు పక్క గోడకు చెవి ఆనించినవాళ్ళకు వినపడుతుందట. గైడు చెప్పాడు.

"మా గుసగుసమ్మ కోసమే కట్టించారు" అన్నాడు నాన్న.

గుసగుసమ్మ నేనే. బళ్ళో నేను హాజరు పలికినా మాస్టారు నా పేరు మళ్ళీ పిలిచేవారు. ఇంట్లో నాన్న, "నోట్లో నోట్లో గొణక్కు, పైకి చెప్పు" అంటాడు.

ఈ మధ్య మరీ ఎక్కువగా అంటున్నాడు.

నిన్న గోడ దగ్గర ఇద్దరం ప్రయత్నించాం. నాన్నకు వినపడలేదు. "ఈ గోలలో ఎవడికి వినపడుతుంది?" అని తోసేశాడు. కానీ ఆ గోలలోనే ఎవరో ముసలాయనకు ఆయన భార్య గుసగుస వినపడింది. చెవి రుద్దుకుంటూ సిగ్గుపడ్డాడు కూడా.

రాత్రి లాడ్జి గదిలో అమ్మ పడీ పడీ నవ్వింది. "దానికి నోరు లేదు, మీకు చెవి లేదు. సరిపోయారు తండ్రీకూతుళ్ళు!"

మాతో వచ్చిన పిన్ని నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న కూడా నవ్వాడు.

అందరి మొహాలూ ఒకసారి చూసి... ఆ తర్వాత.

ఆ 'తర్వాత' నన్ను నిద్రపోనివ్వలేదు.

నాన్న మోటార్ల మెకానిక్. విప్పకముందే జబ్బు చెప్పేస్తాడు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనిస్తాడు. పిడి చెవికి ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు. "బేరింగు" అంటాడు. అంతే. మా చుట్టుపక్కల పొలాలన్నీ ఆ చెవి మీదే తడుస్తాయి.

పోయిన నెల ఒక మోటారు దగ్గర అలాగే కళ్ళు మూసుకున్నాడు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నేను అన్నం క్యారేజీతో గట్టు మీద నిలబడి ఉన్నాను. ఆ గరగర నాకు గట్టు మీదికే వినపడుతోంది. చెప్పాను. మెల్లగా. నా పద్ధతిలో.

నాన్న తల తిప్పలేదు.

మర్నాటికి మోటారు కాలిపోయింది.

నా గొంతు చిన్నది గనక వినపడలేదు. అంతే. అంతే కదా...

అందుకే "జనం రాకముందు వెళ్దాం నాన్నా" అని నేనే అడిగాను. మళ్ళీ అడిగాను. రెండోసారి చెయ్యి పట్టుకుని, మొహంలో మొహం పెట్టి.

కోట గేటు దగ్గర కాపలా ఆయన మఫ్లర్ లోంచే పలకరించాడు. "ఎక్కడి నుంచి వచ్చారు?"

"నిన్న పొద్దున్నేనండీ" అన్నాడు నాన్న.

ఆయన పగలబడి నవ్వాడు. "ఇంకా నిద్ర వదల్లేదా సార్? సరే, వెళ్ళి తొందరగా వచ్చెయ్యండి. బస్సులు దిగాయంటే ఇక లోపల మీ మాట మీకే వినపడదు."

నాన్నా నవ్వాడు.

ఆయన నవ్వాక.

లోపల నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తోంది. రాళ్ళు కడిగే ట్యాంకరు. కీచుకీచుమంటూ. గోడ గోడకూ తగిలి మళ్ళీ కీచుకీచుమంటూ. నాన్న దాని దారిలోనే నిలబడి, తలెత్తి బురుజు చూస్తున్నాడు.

నాన్నా — అన్నాను.

గొంతులోనే ఉండిపోయింది.

చొక్కా పట్టుకుని లాగాను. ట్యాంకరు మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్ళింది. "చెవుల్లో దూది పెట్టుకున్నావా పెద్దాయనా!" డ్రైవర్ కేక.

 

"బురుజు చూస్తూ ఉండిపోయానే" అన్నాడు.

నేను చొక్కా వదలకుండానే నడిచాను.

మందిరం. చల్లటి చీకటి. పై కిటికీల్లో పావురాలు, నిద్రలో గురగురమంటూ. నాన్న అటు పక్కకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చిన్నగా అయిపోయాడు. వంగి, గోడకు చెవి ఆనించాడు. అరచెయ్యి కూడా ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

మోటారు దగ్గర మూసుకున్నట్టే.

నేను ఇటు వంగాను. రాయి పెదవులకు మంచులా తగిలింది.

రాత్రంతా అనుకున్న మాటల్లో ఒక్కటీ రావడం లేదు. ఒట్టి 'నాన్నా' అంటే చాలా? అది వినపడకపోతే? ఆ స్క్రూడ్రైవర్ ఇక దేనికి? ఆ పొలాలకు ఎవరు చెప్పాలి? అమ్మకు ఎవరు చెప్పాలి?

నోరు తెరిచాను. ఊపిరి బిగపట్టాను.

గోడ మాట్లాడింది.

"వినపడిందమ్మా. శుభ్రంగా వినపడింది."

నాన్న గొంతు. నా చెవిలో చెప్పినంత దగ్గరగా.

నేను ఇంకా ఏమీ అనలేదు.

ఇన్నాళ్ళూ తప్పు నా గొంతుదే అనుకున్నాను. సిగ్గుపడ్డాను, ఏడ్చాను, తిట్టుకున్నాను. అది నా తప్పే అయితే... ఎంత బాగుండేది.

అటు చూశాను. నాన్న ఇటే చూస్తున్నాడు. నవ్వు సిద్ధంగా ఉంది. నేను నవ్వితే చాలు, తానూ నవ్వేస్తాడు. ఇద్దరం నవ్వుకుంటూ లాడ్జికి వెళ్ళిపోవచ్చు. అమ్మకు చెప్పొచ్చు. వినపడిందని.

నవ్వు రాలేదు.

నాన్న మళ్ళీ గోడ వైపు తిరిగాడు. మళ్ళీ చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకొక మాట కోసం.

బయట బస్సు ఆగిన చప్పుడు. ఇంకొకటి. గేటు దగ్గర నవ్వులు, ఈలలు.

నేను గోడను వదిలేశాను. మందిరం మధ్యకు వచ్చాను.

"నాన్నా!"

నా గొంతేనా అది? గుండ్రటి గోడలన్నీ నాన్నా, నాన్నా అంటున్నాయి. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల గాలి. దుమ్ము. ఈకలు.

నాన్న కళ్ళు తెరిచాడు.

నా పిలుపుకా... రెక్కల గాలికా...

నా మొహంలోకి చూస్తున్నాడు. నవ్వడం లేదు. నేనూ నవ్వడం లేదు.

అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. దాని కింద, ఇంకా, ఎక్కడో ఒక చుక్క.

టప్...