రంగు పూయని దయ్యం

చిన్నరాములు బొటనవేలిని ప్యాంటుకు తుడిచి మళ్ళీ ఫ్యాక్టరీ గేటులోని హాజరు యంత్రం మీద ఆనించాడు. ఎర్రదీపమే వెలిగింది. వెనకనుంచి ఎవరో జల్దీ కానీయమన్నారు. యాసిడ్ డ్రమ్ములు దొర్లించీ దొర్లించీ అతని వేళ్ళమీది గీతలు ఏనాడో అరిగిపోయాయి. సెక్యూరిటీ మనిషి అతని ముఖంలోకి ఒకసారి చూసి, "పో కాకా" అని సైగ చేశాడు. ముఖం చూసి లోపలికి పంపడం ఆ గేటులో అతనొక్కడికే దక్కిన మర్యాద. అది తలచుకుని చిన్నరాములు రోజూ కాస్త నవ్వుకుంటాడు.

ఆ వేళ నవ్వుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. షిఫ్టు దిగాక సినిమాలో దయ్యం వేషం. పొద్దున్నే భార్య ముత్యమ్మ అతన్ని పీటమీద కూర్చోబెట్టి తలకు నూనె రాసింది. గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి పాపిట తీసింది.

"దయ్యానికి వేషమెందుకయ్యా నీకు? గిట్లనే పోయి నిలవడు, జడుసుకుంటరు," అంది. అంటూనే బువ్వ డబ్బాలో ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది.

వాళ్ళిద్దరికీ కలిపి ఉన్నది ఒకటే ఫోటో, పెళ్ళినాటిది. అందులో ముత్యమ్మ చక్కగా పడింది. అతని ముఖం మీద మాత్రం ఫ్లాషు వెలుగు కొట్టి, సున్నం వేసిన గోడలా తెల్లగా పడింది. కళ్ళూ లేవు, ముక్కూ లేదు. చుట్టాలొస్తే ముత్యమ్మ ఆ తెలుపును చూపించే మా ఆయన అని చెప్పుకుంటుంది. సినిమాలో మొకం పెద్దగా కనిపిస్తుందా అని నిన్న అడిగింది. కనిపిస్తుందని అతను మాటిచ్చాడు.

పొద్దెక్కాక రియాక్టర్ మూత సందులోంచి గోధుమరంగు పొగ లేచింది. అప్పుడప్పుడూ లేచేదే. మాస్కులు స్టోరులో ఉన్నాయి, స్టోరుకు తాళం ఉంది. చిన్నరాములు తువ్వాలు ముక్కుకు చుట్టుకుని వెళ్ళి వాల్వు కట్టేసి వచ్చాడు. ఆ రియాక్టర్ నిలబడ్డ చోట ఒకప్పుడు వాళ్ళ నాయన జొన్న వేసేవాడు. సూపర్‌వైజర్ ఎప్పటిలాగే బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. పొగ పీలిస్తే బెల్లం తినాలి, గొంతులోది కిందికి దిగిపోతుంది. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటా నమ్మే వైద్యం అది.

కాసేపు దగ్గి, గోడ నీడన కూర్చుని బెల్లం చప్పరించాడు. కొత్త బెల్లం, నాలుకమీద చెరుకు వాసన వేస్తోంది. ఆవిరి గొట్టం మీద రెండు పిచ్చుకలు పక్కపక్కనే వెచ్చగా కూర్చున్నాయి. దగ్గు తగ్గింది. తగ్గింది గనక పోయిందనుకున్నాడు.

షూటింగు పక్క వీధిలోనే, మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర. తీసేది సుధీర్. పోయినేడు దాకా అతనూ చిన్నరాములు ఉండే ఫ్యాక్టరీలోనే, ల్యాబులో పనిచేసి మానేశాడు. రోజూ గేటులో చిన్నరాములు తంటా చూసి ఒక కథ అల్లుకున్నాడు. చచ్చిపోయిన కార్మికుడు ఆ సంగతి తెలియక షిఫ్టుకు వస్తాడు, యంత్రం అతన్ని గుర్తుపట్టదు. అంతే. విరబోసిన జుట్టు లేదు, గజ్జెల చప్పుడు లేదు. ఇలాంటి దయ్యాన్ని ఎవరూ చూసి ఉండరని సుధీర్ ధైర్యం. ఎవరూ చూడరేమోనని వాళ్ళ నాన్న రాజారావు భయం. సినిమాకు ఖర్చు ఆయనదే. గుడివాడ నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇటు వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. వస్తూ వస్తూ మేకప్ పెట్టె పట్టుకొచ్చాడు.

"దయ్యాన్ని చూసి జాలిపడితే ఎలారా? మొహానికి కాస్త తెలుపు కొట్టించు, కళ్ళకింద నలుపు. జనం జడుసుకోవాలి."

"తెల్లమొహం చూస్తే ఇప్పుడు చంటిపిల్లలు కూడా నవ్వుతారు నాన్నా."

"నవ్వినా కూర్చుని చూస్తారు. నీదైతే లేచిపోతారు."

చిన్నరాములు పెద్దవాళ్ళ మాటల మధ్యలోకి వెళ్ళే మనిషి కాదు. ఆ వేళ వెళ్ళాడు.

"తెల్లగ పూస్తే నేను మల్ల కనవడ సారూ. మా ఇంటామెకు మాటిచ్చిన."

మల్ల అని ఎందుకన్నాడో రాజారావుకు అర్థం కాలేదు. ముందు రంగు లేకుండా ఒకసారి తీయండి, భయం వేయకపోతే పూద్దాం అని తేల్చాడు.

ముత్యమ్మ ఇస్త్రీ చేయించిన గళ్ళచొక్కా కవర్లో తెచ్చుకున్నాడు చిన్నరాములు. పనిబట్టలే కావాలన్నాడు సుధీర్. చొక్కాను గేటు గడియకు తగిలించి, పాత సామాన్ల కొట్టునుంచి తెచ్చిన యంత్రం ముందు నిలబడ్డాడు. వేలు పెట్టాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. అప్పటికే ఛాతీలో ఏదో బిగుసుకుంటోంది. ఊపిరి పిల్లికూతలా వస్తోంది.

"కాకా, ఆ దమ్ము మస్తుంది. గట్లనే తీస్కో," అని సుధీర్ మైకును దగ్గరికి జరిపించాడు.

ఇది యాక్టింగు కాదని చెప్పబోయాడు చిన్నరాములు. ఆపితే ముఖానికి రంగు పడుతుంది. మళ్ళీ వేలు ఆనించాడు.

కెమెరా దగ్గరికొచ్చింది. కళ్ళూ, ముక్కూ, నెరిసిన గడ్డం, నూనె రాసిన పాపిట. యంత్రం వైపు అతను చూసిన చూపులో కోపం లేదు. లోపలికి పంపమని అడగడం ఒక్కటే ఉంది. రాజారావు చేతులమీద వెంట్రుకలు లేచాయి. అయిందనగానే కొడుకు భుజం పట్టుకున్నాడు.

"రంగొద్దులేరా. ఇలాగే భయంగా ఉంది."

ఆ మాట చిన్నరాములు విన్నాడు. గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. టీ తెప్పిస్తామంటే తలూపాడు. తండ్రీకొడుకులు నీడలోకి పోయి, తీసినదాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుని మురిశారు. సుధీర్ టీ గ్లాసు పట్టుకొచ్చి కాకా అని పిలిచాడు. భుజం తట్టాడు. తల ఒక పక్కకు వాలింది. పెదవులు నీలంగా ఉన్నాయి, మూతి చివర లేత గులాబీరంగు నురుగు. ఫ్యాక్టరీలో ఏళ్ళు గడిపిన రాజారావు అది పొగ పీల్చిన కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లోంచి పొంగే నురుగని పోల్చుకున్నాడు. పొద్దున పీల్చింది ఏ పొగ అని అడగబోయి, ఆటో కోసం రోడ్డుమీదికి పరిగెత్తాడు.

ఆస్పత్రిలో చేయడానికి ఏమీ లేదన్నారు. సాయంత్రం వరండాలో ముత్యమ్మ పక్కన కూర్చుని, సుధీర్ ఫోను తెరిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె చివరిదాకా చూసింది. ముఖం పెద్దగా, స్పష్టంగా ఉంది.

"ఆయన దమ్ము గట్ల గుంజుతుంటే, మీరేం జేస్తున్నరు బిడ్డా?" అని అడిగింది.

మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు గడియకు, ఇస్త్రీ మడత నలగని గళ్ళచొక్కా ఒకటి గాలికి కదులుతూ ఉంది.