మూడో గేరులో ఫ్లైఓవర్

తన డీజిల్ కారుకి ఏదో జబ్బు చేసిందని సాయికిరణ్ నమ్మకం. ఏడాదిన్నరగా అది పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కలేకపోతోంది. అసలు ఎక్కదని కాదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. వెనక ఆటోలవాళ్లు హారన్లు కొట్టి, పక్కకొచ్చి ఓ చూపు చూసి మరీ పోతారు. ఎయిర్ ఫిల్టర్ మార్పించాడు, డీజిల్ ఫిల్టర్ మార్పించాడు, ఇంజెక్టర్లు కడిగించాడు. ఇద్దరు మెకానిక్కులు బండి బంగారంలా ఉందన్నారు. వాళ్లకేం తెలుసనుకుని, ఇంజిన్ రీమ్యాప్ చేస్తాడని పేరున్న జమీల్ షాపుకి ఒక శనివారం పొద్దున్నే వచ్చాడు.

నిజానికి అతనుండే అమీర్‌పేట నుంచి మాదాపూర్ ఆఫీసుకి యూసుఫ్‌గూడ మీదుగా వెళ్తే దగ్గర. ఫ్లైఓవర్ గొడవే ఉండదు. ఆ సంగతి ఆఫీసులో అందరూ చెప్పారు, అతను వినలేదు. దారి మార్చుకుంటే తీరిపోయేదానికి ఇంజిన్ మార్చుకుంటానన్న మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు.

కానీ అతని బాధ అతనిది. ఒకప్పుడు ఆ కారు అదే ఫ్లైఓవర్ని అవలీలగా ఎక్కేది. అప్పుడు కార్లో ముగ్గురుండేవాళ్లు. పొద్దున ఎనిమిదీ పదికి మైత్రీవనం దగ్గర, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, టిఫిన్ బండి పక్కన ధాత్రి ఎక్కేది. పంజాగుట్టలో స్వరాజ్యం ఎక్కేది. ముగ్గురిదీ ఒకటే ఆఫీసు. స్వరాజ్యం వెనక సీట్లో ఎక్కీ ఎక్కగానే నిద్రపోయేది. ధాత్రి ముందు సీట్లో కూర్చుని పేపర్ చదువుకుంటూ గేర్లు చెప్పేది.

అవును, గేర్లే. ఆమెకి డ్రైవింగ్ రాదు, స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. కానీ వాళ్ల నాన్న వీరవెంకటసత్యనారాయణ గారు రాజమండ్రి డిపోలో ఆర్టీసీ డ్రైవరు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయనతో పాటు మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్లొచ్చేది. కూర్చునేది సీట్లో కాదు, డ్రైవరు పక్కన ఇంజిన్ బానెట్ మీద, తువ్వాలు మడతేసుకుని. ఇంజిన్ ఎప్పుడు ఏ గేరు అడుగుతుందో ఆమెకి ఒంట్లోంచే తెలిసిపోయేది. ఇక్కడ పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా "మూడు" అనేది. సాయికిరణ్ మూడు వేసేవాడు. ఫ్లైఓవర్ మొదట్లో "రెండు" అనేది. రెండు వేసేవాడు. బండి ఒక్క ఊపున పైకి లేచేది. పైకెక్కగానే ఎండ అద్దంలోంచి ఆమె పేపర్ మీద పడేది. రోజులో అదే అతనికి ఇష్టమైన నిమిషం. ఆ సంగతి రెండేళ్లలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు.

తర్వాత ఆమెకి చెన్నై బదిలీ అయింది. స్వరాజ్యం స్కూటీ కొనుక్కుంది. కారు ఖాళీ అయింది. అదేం విచిత్రమో, ముగ్గురు కూర్చుంటే పరిగెత్తిన బండి ఒక్కడు కూర్చుంటే మొరాయించడం మొదలుపెట్టింది. మొన్న సోమవారం క్యాంటీన్లో స్వరాజ్యం ఇడ్లీ తుంచుకుంటూ మామూలుగా చెప్పింది: "ధాత్రి ఈ వారం రాజమండ్రి వెళ్తోందంట. ఆదివారం పెళ్లిచూపులు." సాయికిరణ్ "ఓహో, మంచిదే" అన్నాడు. ఆ రోజునుంచి అతనికి అన్నం సహించలేదు. ధాత్రి గురించి ఏం చేయాలో తెలియని మనిషి, కనీసం బండి గురించైనా ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. పోయిన రోజులు ఎలాగూ రావు, పోయిన ఆ ఊపైనా వస్తే చాలనిపించింది.

జమీల్‌కి యాభై దాటి ఉంటాయి. చెవి మీద పెన్సిలు, చేతిలో గీతలు పడ్డ పాత ల్యాప్‌టాప్. సాయికిరణ్ చెప్పిందంతా విని స్టీరింగ్ కింది సాకెట్లో కేబుల్ గుచ్చాడు.

"ఇంజిన్‌కి సుత ఒక దిమాగ్ ఉంటది సార్," అన్నాడు. "ఎప్పుడు ఎంత డీజిల్ పొయ్యాలె, టర్బో ఎంత గాలి కొట్టాలె, అంత లెక్క రాసి ఉంటది. గా లెక్క మార్చి రాసుడే రీమ్యాప్. కానీ నేను పట్టంగనే రాయ. ముందుగాల మీరు నడపాలె, నేను పక్కకు కూసోవాలె. గది నా పద్ధతి."

"మీరే నడిపి చూడొచ్చు కదా?"

"నేను నడిపితే నా కాలు సంగతి తెలుస్తది. మీ బండి సంగతి తెల్వాలంటే మీరే నడపాలె."

పక్క సీట్లో ఉన్న బ్యాగు తీసి సాయికిరణ్ వెనక పెట్టాడు. జమీల్ కూర్చున్నాడు, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగిలాయి. సీటు వెనక్కి జరుపుకోవడానికి కిందకి చెయ్యి పెట్టాడు.

"అది కదపకండి భాయ్," అన్నాడు సాయికిరణ్, అనుకున్నదానికంటే గట్టిగా.

ఆ సీటు ధాత్రి జరుపుకున్న చోటే ఉంది. ఆమె పొట్టి మనిషి. జమీల్ ఒకసారి సీటు వంక, ఒకసారి అతని మొహం వంక చూశాడు. మోకాళ్లు ముడుచుకుని, ల్యాప్‌టాప్ పొట్టకి ఆనించుకుని, "చలో సార్" అన్నాడు.

శనివారం కాబట్టి ట్రాఫిక్ పలచగా ఉంది. సందులోంచి మెయిన్ రోడ్డెక్కి ఫ్లైఓవర్ వైపు తిప్పాడు. మూడో గేరు. ఎత్తు మొదలైంది. ఎప్పటిలాగే బండి మూలిగింది, వెనక ఎవడో హారన్ కొట్టాడు. సాయికిరణ్ యాక్సిలరేటర్ ఇంకా తొక్కాడు. మూలుగు పెరిగిందే కానీ ఊపు రాలేదు. "చూశారా?" అన్నట్టు పక్కకి చూశాడు.

జమీల్ ల్యాప్‌టాప్ చూడటం ఎప్పుడో మానేశాడు. బాధతో పళ్లు బిగించి ఉన్నాడు.

"రెండు ఎయ్యి సార్!" అని అరిచాడు. "రెండు! పాపం, గా ఇంజిన్ని సంపుతున్నవ్!"

సాయికిరణ్ చెయ్యి దానంతటదే కదిలింది. క్లచ్, రెండు. ఇంజిన్ గొంతు మారింది, టర్బో ఈల వేసింది. బండి ఒక్క అంగలో పైకెక్కేసింది. ఎండ అద్దంలోంచి లోపలికి పడింది, ఖాళీగా లేని ఆ సీటు మీద, జమీల్ గళ్ల చొక్కా మీద.

అతని కళ్లు మండాయి. ఎండకేనని సర్దిచెప్పుకున్నాడు కానీ ఎండకి కాదు. ఆడరాక మద్దెల ఓడన్నట్టు, ఏడాదిన్నర పాటు ఫిల్టర్లనీ ఇంజెక్టర్లనీ ఆడిపోసుకున్నాడు. బండికి ఏమీ కాలేదు. పక్కన కూర్చుని "రెండు" అనే మనిషి లేదంతే. పోయింది ఆమె గొంతు, అతను వెతుక్కుంది బానెట్ కింద.

షాపు దగ్గరికి తిరిగొచ్చాక జమీల్ చాయ్ తెప్పించాడు.

"మీ బండిల ఖరాబీ ఏం లేదు," అన్నాడు. "ఇంజిన్ నిమిషానికి రెండు వేల సుట్లు తిరిగితేనే టర్బో లేస్తది. మీరు మూడుల పెట్టి పదునాలుగు వందలకాడ గుంజుతున్నరు. ఇంతకుముందు మంచిగ ఎక్కేదంటే, అప్పుడు ఎట్ల నడిపిండ్రు?"

"అప్పుడు గేర్లు చెప్పేవాళ్లుండేవాళ్లు," అన్నాడు సాయికిరణ్.

జమీల్ చాయ్ ఊదుకున్నాడు. "రీమ్యాప్ కూడ చేయొచ్చు. కింద నుంచే దమ్ వచ్చేటట్టు రాస్త. మూడుల సుత ఎక్కుతది. ఇగ ఎవ్వరు గేర్లు చెప్పే పని ఉండది. చేద్దామా, వద్దా? మీరు జెప్పుండ్రి."

ఎవ్వరూ గేర్లు చెప్పే పని ఉండదు. ఆ మాట అతను ఇంతకుముందు విన్నాడు. విన్నాడేంటి, తనే అన్నాడు. ఆమె చెన్నై వెళ్లే ముందు ఆఖరి శుక్రవారం సాయంత్రం, తనుండే హాస్టల్ సందు మొదట్లో ధాత్రి దిగబోతూ, డోరు మీద చెయ్యి పెట్టి, దిగకుండా అడిగింది: "సోమవారం నుంచి మీకు గేర్లు ఎవరు చెప్తారండీ?" తెలివైనవాణ్ణనుకుని ఇతను అన్నాడు: "దానిదేముందండీ, రీమ్యాప్ చేయించేస్తా. ఎవరూ చెప్పక్కర్లేదు." ఆమె నవ్వింది, కాస్త ఆలస్యంగా. "మంచిదండీ" అని దిగింది. ఆ డోరు ఒక్కసారికి పడదు. రెండోసారి వేసి వెళ్లింది.

ఆమె అడిగింది గేర్ల గురించి కాదు. ఆ సంగతి ఇంజనీరింగ్ చదివి, పది మందికి టీమ్ లీడరై, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న మనిషికి ఇప్పుడు తట్టింది, చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని. తన మీద తనకే ఎంత అసహ్యమేసిందో చెప్పలేం. దానికి పదింతలు ఆమె మీద బెంగ పుట్టుకొచ్చింది.

"వద్దు భాయ్," అన్నాడు.

"మస్తు మంచి మాట," అన్నాడు జమీల్. కేబుల్ చుట్టి పెట్టుకుంటూ, "సీటు మాత్రం అట్లనే ఉంచుండ్రి" అన్నాడు.

సాయికిరణ్ మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కాడు. ఎత్తు మొదలవుతుండగా, కార్లో ఎవరూ లేకపోయినా, పైకే అన్నాడు: "రెండు." వేశాడు. బండి మారాం చేయకుండా ఎక్కింది. అవతల దిగి, ఒక మెడికల్ షాపు ముందు పక్కకి ఆపి ఫోన్ తీశాడు. మనసు మారేలోపే నొక్కేశాడు.

"హలో," అంది ధాత్రి. వెనకాల కుక్కర్ విజిల్ వేసింది.

"ధాత్రి గారూ, నేనండీ, సాయికిరణ్‌ని."

"ఫోన్లో పేరొచ్చింది లెండి. చెప్పండి."

అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "రీమ్యాప్ చేయించలేదండీ," అన్నాడు.

కుక్కర్ ఇంకోసారి కూసింది.

"అయితే ఇన్నాళ్లూ ఫ్లైఓవర్ ఎలా ఎక్కుతున్నారు?"

"మూడులోనే."

"మూడులోనా! ఏడాదిన్నరా?" గొంతులో కోపమో నవ్వో తేల్చుకోలేకపోయాడు. "ఇంకా రెండు వేయడం రాలేదా మీకు?"

"రాలేదండీ," అన్నాడు. అయిదు నిమిషాల క్రితమే వచ్చిందని చెప్పలేదు. "మీరు చెప్తే తప్ప రాదండీ. అప్పుడే చెప్పాల్సింది. మీరడిగినప్పుడే. నాకు అర్థం కాలేదు."

"రేపు వాళ్లొస్తున్నారు," అంది మెల్లిగా.

"తెలుసు. అందుకే..."

"అందుకే ఈ రోజు ఫోన్ చేశారా? ఏడాదిన్నర మీకోసం..." అని ఆగిపోయింది. ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు మారింది, పేపర్ మీంచి తల ఎత్తకుండా గేరు చెప్పే ఆ పాత గొంతులోకి. "నాన్న హాల్లోనే ఉన్నారు. ఫోన్ ఇస్తున్నా. నాకు చెప్పింది ఆయనకి కూడా చెప్పండి."

"ధాత్రి గారూ, ఒక్క నిమిషం..."

ఫోన్ చేతులు మారింది. ఇరవై ఎనిమిదేళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన గొంతు నింపాదిగా పలికింది.

"హలో, ఎవరు బాబూ మాట్లాడేది?"

సాయికిరణ్ పక్క సీటు వంక చూశాడు. ముందుకి జరిపి ఉంది, ఆమె వదిలిన చోటే.

"నమస్కారమండీ," అన్నాడు. "మీ అమ్మాయి గేర్లు చెప్పే కారు నాదేనండీ."