నాలో లేని రోగం

నేను ఒక మంగలి కత్తిని. తునిలో ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి నన్ను తయారుచేశాడు. కత్తికి భయమేమిటని మీరనుకుంటారు గానీ నా అంత పిరికిది ఇంకొకటి ఉండదు. మీరు గొంతు చాపి, కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంటారు. భయపడే పని మాత్రం నాకు వదిలేస్తారు.

నా మొదటి యజమాని సూరన్న. ఎంత తేలిక చెయ్యో. నలభై దాటాక ఆ చెయ్యి ఆయన మాట వినడం మానేసింది. వేళ్ళు వాటంతటవే ఎగిరేవి, తర్వాత భుజం, తర్వాత మెడ. ఒకరోజు నేను మునసబుగారి కంఠం మీద ఉండగా చెయ్యి ఎగిరింది. గాటు చిన్నదే గానీ నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాగొచ్చాడని ఊరంతా తేల్చేసింది. పాపం, ఆయన కల్లు వాసన కూడా ఎరగడు. చివరికి మాట పడిపోయి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో కన్నుమూశాడు.

పెద్దకర్మ నాడు తండ్రి కత్తిని కొడుకు చేతికివ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. అలా గవర్రాజు చేతికొచ్చాను. అతనికీ ఆ వయసు రాగానే చిటికెనవేలు ఎగిరింది. ఆ ఎగురుడు నాకు బాగా తెలుసు. కాళ్ళు లేవు కాబట్టి పారిపోలేదు.

అతని భార్య నూకరత్నం కారణం కనిపెట్టింది. "మావయ్యగారు పట్టేరు, పోయేరు. ఈయన పట్టేరు, ఇలాగైపోయేరు. రోగం ఈ కత్తిలోనే ఉంది" అంది. గవర్రాజు పోయాక ఆనవాయితీని కాదని, నన్ను పసుపు గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. కొడుకు లోవరాజు సెలూన్ పెట్టుకుని బ్లేళ్ళతోనే నెట్టుకొచ్చాడు. నాకు అవమానమైతే అయింది గానీ, ఇంకొకరి మెడ మీదికి వెళ్ళక్కర్లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం లోవరాజు కాకినాడ ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలోనే తల్లి ఎదుట కూలబడ్డాడు. అరుగు మీద అతని కూతురు హాసిని సుద్దముక్కతో బొమ్మలు గీస్తోంది.

"వేలు ఎగురుతోందని చూపించుకున్నానమ్మా. రక్తపరీక్షలో తేలిపోయింది. నాన్నకున్నదే."

"నువ్వా కత్తి ముట్టలేదు కదరా."

"కత్తిలో లేదమ్మా, పుట్టుకలోనే ఉందంట. ఏదో ప్రోటీను తప్పుగా తయారై, మెదడు కణాల్లో ఉండలు కట్టేత్తాదంట. అందుకే ఒళ్ళు మన మాటినదు. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు."

నూకరత్నం అరుగు మీది మనవరాలి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మరి పిల్లకో?"

"రావొచ్చు, రాకపోవొచ్చు. సగానికి సగం. పెద్దదయ్యేక పరీక్ష చేయించుకోవాలో వద్దో అదే చూసుకోవాలంట. నయం చేసే మందు ఇంకా లేదంట."

నా తప్పు లేదని తేలిపోయింది. సంతోషించాల్సింది పోయి, అటక మీద బిక్కచచ్చిపోయాను.

నూకరత్నం నిచ్చెన వేసుకుని నన్ను దింపింది. తాండవ ఏటికి తీసుకెళ్ళి, ఉన్న బలమంతా పెట్టి నీళ్ళలోకి విసిరింది. కొడుకు చెప్పింది అర్థంకాక కాదు. విసిరేయడానికి ఆమెకు నేను తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఇప్పుడు ఇసుకలో తుప్పు పడుతున్నాను. హాసినిని తలుచుకుంటే భయమేస్తుంది. ఆ రోగం నిజంగా నాలోనే ఉంటే ఎంత బాగుండేది. ఈపాటికి నాతోపాటే మునిగిపోయేది.