ఫారంలో రాయని సంగతి

మలక్‌పేటలోని థెరపీ సెంటర్లో ఒక ఖాళీ ఉందని ఫోను వచ్చిన రోజు నుంచి విఠల్‌రావుకు కంటి మీద కునుకు లేదు. ఆరేళ్ల కూతురు అభిజ్ఞకు ఆటిజం. రోజువారీ పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పించమని డాక్టరు చెప్పాక అయిదు నెలలు తిరిగాడు. ఒకచోట పేరు రాసుకుని ఊరుకున్నారు, ఇంకోచోట ఫోనే ఎత్తలేదు. ఇక్కడ మాత్రం పిల్లను చూసి చెబుతామన్నారు.

"చూసి చెప్తమంటే ఇంటర్వ్యూ లెక్కనే బిడ్డా," అంది అతడి తల్లి రమాబాయి. "స్కూలోళ్లు గట్లనే చూసి తిప్పి పంపలే? పిల్ల మంచిగ కూసుంటదని చెప్పు. దుకాణంల బట్టల తానుల కింద దూరుడు గిట్ల చెప్పకు, ఇజ్జత్ పోతది."

చార్మినార్ దగ్గర అతడికి బట్టల దుకాణం. అక్కడికి వస్తే చాలు, అభిజ్ఞ తానుల గుట్ట కిందికి దూరేది. "సేఠ్, పిల్లిని పెంచుతున్నవా ఏంది?" అని గిరాకీలు నవ్వేవాళ్లు. విఠల్‌రావు సిగ్గుపడి పిల్లను బయటికి లాగేవాడు. అది గుక్కపట్టి ఏడ్చేది. రెండేళ్ల కిందట పోయిన భార్య మాత్రం ఎప్పుడూ లాగలేదు. పక్కనే కూర్చునేది.

వారం రోజులు పిల్లకు కుర్చీలో కదలకుండా కూర్చోవడం నేర్పించాడు.

సెంటరుకు వెళ్లే రోజు ఆటోలో హారన్లకు అభిజ్ఞ చెవులు మూసుకుంది. ఎవరూ అడగకుండానే డ్రైవరు తన పాట ఆపేశాడు. "బచ్చీకి తక్లీఫ్ అయితుంది సాబ్, గల్లీలకెల్లి పోదాం," అన్నాడు. చుట్టు తిరిగినా పైసా ఎక్కువ అడగలేదు. 

సెంటర్లో ఫారం ఇచ్చారు. నిద్ర: బాగా. తిండి: బాగా. వింత అలవాట్లు: లేవు. తల్లి చెప్పినట్టే అన్నీ నింపి ఇచ్చాడు.

థెరపిస్టు స్రవ్య ఫారం చదివి, అభిజ్ఞ వైపు చూసింది. తండ్రి నేర్పినట్టే పిల్ల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"అన్నీ మంచిగనే ఉన్నయి గద సార్. మరి మాతోని ఏం పని? ఇంత బాగుంటే, ఈ ఖాళీ వరుసల ఉన్న ఇంకొకరికి ఇస్త."

విఠల్‌రావు కూతుర్ని చూశాడు. పిల్ల కదలడం లేదు కానీ, కింది పెదవిని పళ్లతో గట్టిగా నొక్కి పట్టింది. పెదవి తెల్లబడింది.

"మేడం, అబద్ధం రాసిన."

"ఏది?"

"అన్ని. రాత్రి రెండింటికి లేస్తది. పెరుగన్నం తప్ప ముట్టది. దుకాణంల తానుల కింద దూరుతది. బరువు మీద పడ్తెనే నిమ్మళమైతది. నేనే గుంజి బయటికి తీస్త."

నవ్వుతుందనుకున్నాడు. స్రవ్య పెన్ను తీసింది.

"గుంజకపోతే ఎంతసేపు ఉంటది?"

ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "అర్ధగంట. ఆమె తల్లి ఉన్నప్పుడు చూసిన. తర్వాత తనే వచ్చి చెయ్యి పట్టుకుంటుండె."

స్రవ్య లేచి, మూలనున్న మందపాటి పరుపు తెచ్చి నేల మీద వేసింది. పిల్లను పిలవలేదు. అభిజ్ఞ కుర్చీ దిగి, అంచు ఎత్తి, కిందికి దూరింది. అలవాటుగా విఠల్‌రావు చెయ్యి ముందుకు పోయింది. మధ్యలోనే ఆగింది.

"బరువు ఆమెకు కావాలె సార్. ఎంత, ఎప్పుడు అన్నది మేం చూసి మీకు నేర్పిస్తం. మంగళారం నాలుగింటికి రండి. ఈ ఫారం మాత్రం పనికిరాదు," అంటూ కొత్తది ఇచ్చింది.

పరుపు కింది నుంచి కనిపిస్తున్న చిన్న పాదాలు మెల్లగా స్థిమితపడ్డాయి. విఠల్‌రావు వాటి పక్కనే నేల మీద కూర్చుని, 'నిద్ర' దగ్గర మొదలుపెట్టాడు. రాయడానికి ఇచ్చిన ఒక్క గీత చాలలేదు. కాగితం తిప్పి చూశాడు.

"వెనక సుత రాయొచ్చా మేడం?"