జనం లేని దీవి

తన భార్యను చంపింది బావమరిది. ఈ విషయంలో ఆయనకు అనుమానం లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే దాన్ని పైకి అననివ్వలేదు. చుట్టుపక్కల ఇన్ని దీవులుండగా, సెలవుల్లో లోకమంతా ఎగబడే పెద్ద దీవికే పోదామని పట్టుబట్టింది వాడు. ఆ దీవి పడవెక్కే రేవులో, ఆ ఎండలో, ఆ తొక్కిడిలో ఆవిడ కూలబడింది. అంబులెన్సు జనాన్ని తప్పించుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. అది జరిగి రెండేళ్ళు. అప్పట్నుంచి బావమరిదికి ఆ గడప లోపల చోటు లేదు.

ఆయన బస్టాండులో లైన్లు కట్టించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇనుప కమ్మీల మధ్య జనాన్ని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాలి, మధ్యలో దూరినవాణ్ణి జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాలి. అదే పని. చదువు పల్లెటూరి బడితో ఆగిపోయింది. పై ఆఫీసు రూళ్ళు ఆయన ఎన్నడూ చదవలేదు. తన రూలు ఒకటుండేది. లైనులోంచి కాలు బయటపెడితే మళ్ళీ తోక నుంచే రావాలి. చంటిపిల్ల తల్లయినా అంతే, మేనేజరుగారి తోడల్లుడైనా అంతే. కండక్టర్లు ఆయన్ని తోక మాస్టారు అనేవాళ్ళు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరిగాక.

ఆ ఆదివారం పొద్దున కూతురు వచ్చి, వంటగదిలో ఆయనకెదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నా, అమ్మ పోయాక నువ్వు వీధి మలుపు దాటింది లేదు. నాలుగు రోజులు ఎక్కడికైనా పోదాం. జనం లేని దీవి ఏదైనా చూద్దాం."

వద్దనలేదాయన. జనం లేని చోట తనను చూసేవాళ్ళూ ఉండరనుకున్నాడు. ఎవరు చూస్తారనో, చూస్తే ఏం కనబడుతుందనో మాత్రం ఆలోచించలేదు.

కూతురు ఫోనులో ఒక్కో బొమ్మా చూపించింది.

"ఇది చూడు. ఇసక ఎంత తెల్లగా ఉందో."

"ఇసక మీద గొడుగులెన్ని ఉన్నాయో అదీ చూడు. వద్దు."

"పోనీ ఇది. ఒక దీపస్తంభం, ఓ మేకల మంద. మనుషులే లేరు."

"మరి అన్నం ఎవరు పెడతారు, మేకలా?"

"మేకలైతే నువ్వు చెప్పినట్టు లైనులో నిలబడతాయి కదా, పిలిచి చూద్దాం."

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

మూడోది చిన్న దీవి. ఒక వంపు, నాలుగు పడవలు, కొండవాలున తెల్లటి ఇల్లు. చేపలు పట్టేవాళ్ళ ఇల్లట. మేడ మీది రెండు గదులూ వచ్చినవాళ్ళకిస్తారు, భోజనం వాళ్ళతోనే. పెద్ద ఓడలు అక్కడ ఆగవు. ఇటు నుంచి వారానికి రెండుసార్లు చిన్న పడవ వెళ్తుంది. సెలవులు అయ్యాక, వానలు మొదలయ్యే ముందు వెళ్తే గాలీ ఉండదు, జనమూ ఉండరు.

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని కాస్త దూరం పెట్టి చూశాడు. నచ్చింది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"మావయ్య."

"ఏ మావయ్య?"

"నాకున్నది ఒక్కడే కదా నాన్నా."

ఆయన ఫోను బల్ల మీద బోర్లించాడు. "వాడు దారి చూపిస్తే నేను స్వర్గానికైనా రాను."

"స్వర్గానికి తొందరేం లేదులే. మావయ్య బయట మెట్ల మీద కూర్చున్నాడు. పిలుస్తున్నా."

అడగలేదామె, చెప్పింది. అచ్చం తల్లి పోలిక. ఆయన తేరుకునేలోగా వెళ్ళి తీసుకొచ్చింది.

బావమరిది ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. ఒకప్పుడు వాడు వస్తే ఇంటికి ముందు నవ్వు వచ్చేది, వెనక మనిషి వచ్చేవాడు. ఇప్పుడు చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకానుకుని నిలబడ్డాడు.

"బాగున్నావా బావా?"

"చెప్పేదేదో చెప్పు."

"పోయినవారం పని మానుకుని నేనే వెళ్ళొచ్చాను. ఎవరో చెప్పిన మాట నమ్మి మళ్ళీ నిన్ను..." మళ్ళీ మొదలెట్టాడు. "కళ్ళారా చూసొచ్చాను. ఇల్లు శుభ్రంగా ఉంది. మెట్లు కాస్త ఏటవాలు, కానీ పట్టుకోవడానికి కమ్మీ ఉంది. ఆస్పత్రి నర్సు ఒకావిడ అక్కడే కాపురముంటుంది. అదీ కనుక్కున్నాను. ఇక రేవంటావా, అక్కడ లైనే లేదు బావా."

"లైను లేకపోతే ఎలా ఎక్కుతారు, ఒకడి మీదొకడు పడా?"

"రేకుల షెడ్డు వేశారు. కింద బెంచీలు. వచ్చినవాళ్ళు పేరు చెప్పి నీడలో కూర్చుంటారు. పడవ రాగానే ఒక్కొక్కర్నీ పిలుస్తారు. నిలబడే పనే లేదు. లేచి నాలుగడుగులు తిరిగొచ్చినా నీ చోటెక్కడికీ పోదు."

గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. పొడిచినవాడికి ఆ సంగతి తెలీదు.

రెండేళ్ళ కిందట ఆ రోజు బావమరిది మంచినీళ్ళకని వెళ్ళాడు. కూతురు టిక్కెట్ల కిటికీ దగ్గరుంది. లైనులో ఆయనా భార్యా మిగిలారు. "గుండెల్లో ఏదోలా ఉందండీ, ఆ గోడ నీడన కాస్త కూర్చుని వస్తా" అంది ఆవిడ. వెనకున్న ముసలమ్మ, "వెళ్ళమ్మా, నీ చోటు మేం చూస్తాంగా" అంది కూడా. ఆయన ఒప్పుకోలేదు. "చోటు చూడటాలు లేవిక్కడ. వెళ్తే మళ్ళీ తోక నుంచే" అన్నాడు. నలుగురూ వినేలా అన్నాడు. తన పెళ్ళానికైనా రూలు రూలేనని ఆ రేవంతా తెలుసుకోవాలని అన్నాడు. ఆవిడ ముసలమ్మ వంక చూసి నవ్వింది, ఈయనింతే అన్నట్టు. నిలబడింది. కూలిపోయేదాకా నిలబడే ఉంది.

ఇది ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

"నేను రానులే బావా," అంటున్నాడు బావమరిది. "మీరిద్దరూ వెళ్ళండి. పడవ దాకా సామాను మోసుకొచ్చి తిరిగెళ్ళిపోతా. ఆ రోజు పెద్ద దీవి అనకుండా ఉండాల్సింది. అక్కని నా నోటితో నేనే..."

"మావయ్యా, ఊరుకో." కూతురు తండ్రివైపు తిరిగింది. "ఈయన సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్ళైందో అత్తనడుగు. రాత్రుళ్ళు నిద్ర కూడా పోవట్లేదట. ఎక్కడికి పోవాలన్నది మనమందరం కలిసే అనుకున్నాం. నీ తప్పు కాదని ఒక్కమాట అను నాన్నా. అది నీ నోటివెంట వస్తే తప్ప ఈ మనిషి బాగుపడడు."

ఆయన నోరు తెరిచాడు. మాట నాలుక మీదే ఉంది. మీ అక్కని కూర్చోనివ్వనిది నేను. అంతే, ఒక్క ముక్క. అంటే వీడు బతికిపోతాడు. కూతురు ముఖం చూశాడు. అన్న తర్వాత ఆ ముఖం ఎలా మారుతుందో అదీ చూశాడు.

"నీ తప్పు కాదు," అన్నాడు.

బావమరిది గోడవెంట జారి నేల మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. "పెద్ద మనసు చేసుకున్నావు బావా. నీ మనసు నాకుంటే బాగుండును," అన్నాడు కాసేపటికి. కూతురు లేచొచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. రెండేళ్ళలో అలా వేయలేదు. తీసెయ్యమనాలనుకున్నాడు. కానీ దొంగసొత్తు దానం చేసి ధర్మాత్ముడనిపించుకున్నవాడిలా కదలకుండా కూర్చున్నాడు.

"మావయ్యా, నువ్వూ వస్తున్నావు. అత్తతో చెప్పు," అంది కూతురు.

బావమరిది ముఖం తుడుచుకున్నాడు. అందులో పాత మనిషి కొంచెం కనిపించాడు. ఇన్నాళ్ళూ అడిగే హక్కు లేదనుకున్నది ఇప్పుడు అడిగాడు.

"బావా, చివర్లో అక్క ఏమైనా అందా? పక్కనున్నది నువ్వే కదా."

కూతురి చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. ఆమె కూడా వినడానికి వంగింది.

"ఏమీ అనలేదు."

"ఒక్క మాట కూడానా?"

"అనలేదన్నానా." కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. భుజం మీది చెయ్యి జారిపోయింది. "దీవికి పోదాం. ముగ్గురం పోదాం. కానీ ఆ రోజు సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు. ఇక్కడా వద్దు, అక్కడా వద్దు. నేను చెప్పను. చచ్చేదాకా చెప్పను."